అమ్మ మొక్కిన పేరు

బహ్రెయిన్,
శుక్రవారం మధ్యాహ్నం

చిరంజీవి తమ్ముడు సుబ్బరాయుడికి అక్క దీవెనలు.

నేను ఇక్కడ బాగానే ఉన్నాను. ఆళ్లగడ్డలో నువ్వు, మరదలు లావణ్య, అమ్మ, రెండు వారాల పాప అందరూ బాగుండాలి. అమ్మ మోకాళ్ల నొప్పులు ఎలా ఉన్నాయి? లావణ్య వేళకు తింటోందా? శిల్పాల షెడ్డులో రాతిపొడి పీల్చకుండా నువ్వు మూతికి గుడ్డ కట్టుకుంటున్నావా? కట్టుకోవని తెలుసు. అక్కను కాబట్టి అడగాలి, అడిగాను.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరం ఏమిటని నవ్వుకుంటావు. నేను చేయగానే నువ్వు స్పీకర్ పెడతావు. అమ్మ ఒక పక్క, లావణ్య ఒక పక్క, నంద్యాల నుంచి మనవరాలిని చూడవచ్చిన మీ మామ ఇంకో పక్క. మెసేజ్ పంపుదామంటే నీ ఫోన్ ఇంట్లో అందరిదీ. రెండు ఇళ్ల అవతల పనిచేసే నందికొట్కూరు రమణమ్మ ఎల్లుండి సెలవు మీద వస్తోంది. ఇది ఆమె సంచిలో పెడుతున్నాను. ముందు నువ్వొక్కడివే చదువు. తర్వాత ఎవరికి చదివి వినిపిస్తావో నీ ఇష్టం.

నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ మూడుసార్లు విన్నాను. "అక్కా, బిడ్డ బతికి బయటపడితే నీ పేరే పెడతానని అమ్మ పీర్లకు మొక్కుకున్యాదంట. మా మామోళ్లు ససేమిరా అంటాండారు. ఈ కాలంలో ఆ పేరేందక్కా? ఆ పేరుతో నువ్వు పడిన బాధలన్నీ నేను చూళ్లేదా? నీ మాటయితే అమ్మ ఇంటాది. నేను శానా ఇబ్బంది పడినాను, బిడ్డకు ఆ పేరు వద్దని నువ్వే చెప్పక్కా." ఇదీ నీ మాట. దీనికి జవాబు చివర్లో రాస్తాను. ముందు ఇక్కడి సంగతులు చెప్పాలి, ఎందుకంటే జవాబు వాటిలోనే ఉంది.

వచ్చి పది నెలలయింది. పని వంట. ఇంట్లో ఏడుగురు. పొద్దున రొట్టెలు, మధ్యాహ్నం మాంసం వేసిన అన్నం, సాయంత్రం వచ్చిపోయే వాళ్లకు టీలు. కష్టమైన పనేం కాదని అమ్మకు చెప్పు. ఎండ మన రుద్రవరం ఎండ లాంటిదే, కాకపోతే గాలిలో తడి ఎక్కువ. ఆరేసిన బట్టలు ఆరినా ఆరనట్టే ఉంటాయి. ఇంటి లోపల మాత్రం ఏసీకి దుప్పటి కప్పుకుంటాను. కారం లేని కూరలు వండి వండి నా చెయ్యి కూడా చప్పబడింది. రమణమ్మ తిరిగి వచ్చేటప్పుడు చెనిక్కాయల పొడి ఒక డబ్బా, ఎండుమిరపకాయలు కొంచెం ఇచ్చి పంపు. పొడిలో వెల్లుల్లి ఎక్కువ వేయమని అమ్మకు చెప్పు.

దిగులు ఉందా అంటే ఉంది. మీ బావ పోయాక రుద్రవరంలో ఆ ఇంటి గోడలు చూస్తూ కూర్చోలేకే కదా వచ్చాను. ఇక్కడా గోడలే, కాకపోతే ఎవరో ఒకరు అన్నం పెట్టమని పిలుస్తుంటారు. అది కొంత నయం. దిగులు పడొద్దని అమ్మకు చెప్పు.

ఇప్పుడు మీకెవరికీ చెప్పని సంగతి. నేను ఈ ఇంట్లో ఎనిమిది నెలలు అబద్ధం మీద బతికాను.

కడపలో ఏజెంటు కాగితాల మీద సంతకం పెట్టించుకుంటూ అన్నాడు. "ఆ ఇంటోళ్లకు సాయిబుల మనిషే కావాలంట. నీ పేరు చూసి సరే అన్యారు. నువ్వేం చెప్పాకు, ఊరికే ఉండు." నాకు నోరెందుకు పెగల్లేదో తెలియదు. వీసా వచ్చిందన్న సంబరం ఒకటి, వద్దంటే మళ్లీ ఆ ఇంటికే పోవాలన్న భయం ఒకటి. పాస్‌పోర్టు చివరి పేజీలో నాయన పేరు వెంకటసుబ్బయ్య అని అచ్చు వేసి ఉంది. ఆ పేజీ ఎవరూ తిప్పినట్టు లేదు.

నా హుస్సేనమ్మలో ఉన్న హుస్సేన్ ఇక్కడ మగవాళ్ల పేరు. అది నా తండ్రి పేరై ఉంటుందని వాళ్లే అనుకుని, నన్ను మరియం అని పిలవడం మొదలుపెట్టారు. పలికాను. రంజాన్ నెలంతా ఒక్క పొద్దు ఉన్నాను. పెద్దావిడ నమాజుకు పిలిస్తే వెనక నిలబడి, ఆమె వంగితే వంగాను, లేస్తే లేచాను. పెదవులు కదిలించాను గానీ లోపల ఏ మాటా లేదు. మన ఊరి నాటకంలో మాటలు మరిచిపోయిన వేషగాడు చేసినట్టు చేశాను. భయం మాత్రం రోజూ ఉండేది.

పెద్దావిడ అంటే ఇంటాయన తల్లి. డెబ్బై దాటి ఉంటాయి. ఆమెకు కొంత హిందీ వచ్చు, నాకు ఆళ్లగడ్డ బస్టాండు ఉరుదూ వచ్చు. రెండూ మధ్యలో ఎక్కడో కలుస్తాయి. ఆమె కోడలు, అంటే నాకు పని చెప్పే ఆవిడ, తక్కువ మాటల మనిషి. ఆమెను నేను మామా అని పిలవాలి. ఇక్కడ పద్ధతి అది. ఆడమనిషిని మామా అనడానికి మొదటి వారం నాకు నవ్వాగలేదు.

మొహర్రం వచ్చింది. ఇంటి మీద, వీధి మీద నల్ల జెండాలు కట్టారు. పది రోజులూ ఆడవాళ్లు మధ్య గదిలో కూర్చుని కథ చెప్పించుకుని ఏడ్చేవాళ్లు. నేను వంటింట్లో పెద్ద గిన్నెల దగ్గర ఉండేదాన్ని. సరిగ్గా ఆ రోజుల్లోనే అమ్మ ఫోన్ చేసింది. లావణ్యకు ఏడో నెలలో ఇబ్బంది వచ్చిందని, డాక్టర్లు ఏ మాటా గట్టిగా చెప్పడం లేదని ఏడ్చింది. "పీర్లు నిలబెట్టినారు పాపా. పోయి మొక్కుకుంటా. నిన్ను బతికించిన సామే కదా" అని పెట్టేసింది.

పదో రోజు పొద్దున మా వీధిలోకి ఊరేగింపు వచ్చింది. వచ్చేవాళ్లకు షర్బత్ ఇవ్వడానికి నేను కూడా ఆడవాళ్లతో గేటు దగ్గర నిలబడి ఉన్నాను. నల్ల చొక్కాల మగవాళ్లు గుండెల మీద కొట్టుకుంటూ వస్తున్నారు. ముందర ఒకాయన పొడుగాటి కర్ర పట్టుకున్నాడు. దాని మీద గుడ్డ, గుడ్డ మీద ఇత్తడి చెయ్యి. రాయుడూ, అచ్చం మన ఊరి పీర్ల చావిడిలో నిలబెట్టే చెయ్యే. అయిదు వేళ్లూ అంతే. ఎనిమిది నెలల్లో నేను చూసిన మొదటి తెలిసిన ముఖం అది.

తర్వాత నేను చేసింది ఆలోచించి చేసింది కాదు. పక్కనున్న తాగేనీళ్ల బకెట్ తీసుకుని రోడ్డు మీదికి పోయి, ఆయన కాళ్ల ముందర పోశాను. చేతులు జోడించాను. ఆ తడి మీదే అడ్డంగా బోర్లా పడుకున్నాను. మన ఊళ్లో మొక్కున్న ఆడవాళ్లు చేసేది అదే కదా. పీరు ఎత్తుకున్నాయన మన మీదుగా దాటి పోతాడు, కష్టం పోతుంది. ఇక్కడాయనకు ఆ సంగతి తెలియదు. పాపం, ఆగిపోయాడు. ఆయన వెనక వీధి మొత్తం ఆగిపోయింది. నేను కళ్లు మూసుకుని లావణ్య పేరు, పుట్టబోయే బిడ్డ గురించి చెప్పుకుంటూ ఇంకా ఎందుకు దాటడం లేదా అని ఎదురు చూస్తున్నాను. చివరికి ఇద్దరు ఆడవాళ్లు రెక్క పట్టి లేపి లోపలికి తీసుకుపోయారు.

మధ్య గదిలో పెద్దావిడ నన్ను కూర్చోబెట్టింది. కోడలు తలుపు దగ్గర నిలబడింది. "ఎవరు నువ్వు?" అని అడిగింది పెద్దావిడ. గట్టిగా కూడా అడగలేదు.

చెప్పేశాను. సాయిబుల మనిషిని కాదని, అబద్ధమాడానని, మరియం నా పేరు కాదని. అప్పుడు నాకున్న దిగులల్లా ఉద్యోగం పోతుందనే.

"మరి హుస్సేన్ అనే పేరు నీకెవరు పెట్టారు?"

అమ్మ కథ చెప్పాను. నాకంటే ముందు ఇద్దరు బిడ్డలు పోయారని, మూడోసారి కడుపుతో ఉన్నప్పుడు అమ్మ చావిడికి పోయి బిడ్డ దక్కితే సామి పేరు పెడతానని మొక్కిందని, నెలల బిడ్డను నన్ను నేల మీద పడుకోబెడితే పీరు దాటి పోయిందని చెప్పాను. మా ఊళ్లో సాయిబుల ఇళ్లు రెండే అని, పీరు ఎత్తేది మా పెదనాయనే అని, ఊళ్లో హుస్సేనమ్మలు ఆరుగురు, హుస్సేనప్పలు లెక్కలేదని కూడా చెప్పాను. ఆమె నన్ను ఆపి మళ్లీ అడిగింది. "ఆడపిల్లకు హుస్సేన్ అని పెడతారా?" "మాకు సామి పేరు సామి పేరే. మొగోళ్లయితే అప్ప, ఆడోళ్లయితే అమ్మ తగిలిస్తాం" అన్నాను. ఆ ముసలావిడ, అంత ఏడుపు రోజున, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

తర్వాత ఆ నీళ్ల సంగతి అడిగింది. ఎందుకు పోశావని. ప్రతి ఏడూ పోస్తామని, బెల్లం పానకం చేసి ఊరందరికీ ఇస్తామని చెప్పాను. ఎందుకో తెలుసా అంది. తెలియదన్నాను. మా అమ్మ పోస్తుంది, నేనూ పోస్తాను. అప్పుడామె చెప్పింది. ఎడారిలో ఆ హుస్సేన్‌నూ, ఆయన పిల్లలనూ చుట్టుముట్టి, పక్కనే నది ఉన్నా చుక్క నీళ్లు తాగనివ్వలేదట. దాహంతోనే చంపారట. పది రోజులుగా గదిలో ఆడవాళ్లు ఏడ్చేది ఆ కథకేనట. నలభై ఏళ్లుగా ఆ పేరు మోస్తున్నాను, ఆ కథ నాకు అప్పుడే తెలిసింది.

"ఆయనకు ఎవరూ నీళ్లివ్వలేదు. ఎక్కడో మీ ఊళ్లో, ఎందుకో కూడా తెలియకుండా, ఏటేటా పోస్తున్నారా?" అని ఆమె ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు. పంపించేస్తారా, ఉంచుతారా అని తలుపు దగ్గరున్న కోడలి ముఖం చూస్తున్నాను.

కోడలికి కోపం వచ్చింది. రావాల్సిందే. ఎనిమిది నెలలు అబద్ధం చెప్పిన మనిషి చేతి అన్నం ఎలా తినేదని ఇంటాయనతో అందట. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. పెట్టె సర్దుకుని పెట్టుకున్నాను. మూడో రోజు పెద్దావిడ వంటింట్లోకి వచ్చి స్టూలు మీద కూర్చుని, ఒక్కొక్క అక్షరం కూడదీసుకుని, "హు-స్సే-న-మ్మా, టీ" అంది. అంతే. ఉండమన్నట్టే. ఇక ఒక్క పొద్దులు లేవు, నమాజు లేదు. నీది నీదే, మాది మాదే, అబద్ధం మాత్రం వద్దంది. కోడలు ఇప్పటికీ నన్ను కొంచెం ఓరగా చూస్తుంది. ఆమెను తప్పు పట్టను. నాకేం ఇబ్బంది లేదని అమ్మకు చెప్పు.

పేరుకు అర్థం కూడా ఆమెనే అడిగాను. హసన్ అంటే మంచివాడు, అందగాడు అని. హుస్సేన్ అంటే అదే మాట, ముద్దు చేసి చిన్నది చేసి పిలవడం. మనం బుజ్జి అని చేర్చినట్టు. బుజ్జి మంచివాడు, అంతే. నాయన నన్ను బడిలో చేర్చిన రోజు అయ్యవారు ఈ పేరేందని అడిగితే, నాయన తల గోక్కుని "సామి పేరు సార్, రాసుకోండి" అన్నాడు. ఆ రోజు క్లాసంతా నవ్వింది. ఇంత చిన్న అర్థం తెలిసి ఉంటే నేనూ ఒక మాట అనేదాన్ని.

ఇక నీ సంగతి.

అమ్మ మొక్కిందని అంటున్నావు. రోడ్డు మీద నేనూ పడుకున్నాను. అమ్మకు కూడా చెప్పలేదు. కాబట్టి మొక్కు అమ్మ ఒక్కదానిదే అనుకోకు. నువ్వు ఏ మొక్కూ లేకుండా దుక్కలా పుట్టావు, నీకు ఈ లెక్క తెలియదు. పాప తొమ్మిది రోజులు అద్దాల పెట్టెలో ఉన్నప్పుడు నువ్వు ఫోన్‌లో మాట రాక ఊపిరి మాత్రం వినిపించావు. ఆ తొమ్మిది రోజులూ అమ్మా, నేనూ ఆ పేరు పట్టుకునే ఉన్నాం. డాక్టర్లు బతికించారని మీ మామ అంటాడు. నిజమే, వాళ్లే బతికించారు. మేము ఆ రోజులు గడపడానికి మాకు ఏదో ఒకటి కావాలి కదా.

ఆ పేరుతో నేను పడిన బాధలన్నీ చూశానన్నావు. బడిలో నవ్వారు, నిజం. మీ బావ వాళ్ల ఊళ్లో మొదటి ఏడు ఒక ముసలామె నా చేత మంచినీళ్లు పుచ్చుకోలేదు, నిజం. అద్దె ఇల్లు కోసం నంద్యాల పోతే పేరు అడిగి తలుపేశారు, అదీ నిజమే. ఇవన్నీ నీకు తెలుసు. ఒకటి తెలియదు. తెలియనట్టు ఉన్నావు.

నీ పెళ్లికి కార్డులు అచ్చయి వచ్చినప్పుడు కట్ట విప్పింది నేనే. ఆహ్వానించువారు అన్న చోట అమ్మ పేరు, మీ బావ పేరు, దాని పక్కన శ్రీమతి ఉష అని ఉంది. ఈ ఉష ఎవరా అని ఒక క్షణం నిజంగానే ఆలోచించాను. నిన్ను అడిగితే "అచ్చుతప్పక్కా, ప్రెస్సోడు శానా బేకార్" అన్నావు. రాయుడూ, దేవుడి విగ్రహాల పీఠం మీద దాతల పేర్లు చెక్కేవాడివి నువ్వు. చెక్కే ముందర ఒకటికి నాలుగుసార్లు చదివించుకుంటావు. నీ చేతి మీదుగా పోయిన కాగితంలో హుస్సేనమ్మ తప్పిపోయి ఉష వచ్చిందంటే నేను నమ్ముతానా? నంద్యాల వాళ్లు ఏమనుకుంటారో అని మార్చావు. నాకు అప్పుడే తెలుసు. ఆ కార్డులే పట్టుకుని రుద్రవరంలో ఇల్లిల్లూ తిరిగి కుంకుమ పెట్టి పంచాను. ఒకామె "ఉష ఎవరమ్మే?" అని అడిగితే "ఇంకో అక్క ఉండాదిలే" అన్నాను. నవ్వాను కూడా. ఇంటికి వచ్చి చెంబు నీళ్లు తాగి పడుకున్నాను. మిగతా వాళ్లు నవ్వితే పరాయివాళ్లు అనుకున్నాను. ఇది మాత్రం నొచ్చింది. ఆరేళ్లయినా నొస్తూనే ఉంది. ఇంతకు ముందు చెప్పలేదు, ఇప్పుడు చెప్పాను.

నువ్వు అడిగిన మాట నేను అమ్మకు చెప్పను. నా బాధ అడ్డం పెట్టుకుని నీ సిగ్గు దాచుకోవడం కుదరదు. నీకు ఆ పేరు ఇష్టం లేకపోతే అమ్మ ఎదురుగా కూర్చుని నీ నోటితో చెప్పు. మొక్కుకు వేరే దారి ఉందేమో చావిడి చూసుకునే ముజావరును అడుగు. ఉంటుంది, సామి అంత పట్టుదల మనిషి కాదు. పాప నీ బిడ్డ, లావణ్య బిడ్డ. కన్నవాళ్లకు నోరారా పిలవాలనిపించే పేరు పెట్టండి. హుస్సేనమ్మ అంటే నాకు సంతోషం. లావణ్య అనుకున్న కొత్త పేరంటే దానికీ నేనేం ముఖం మాడ్చుకోను. ఇది కోపంతో రాసిన మాట కాదు.

ఇరవై ఒకటో రోజు పాపను తొట్టిలో వేసి మేనత్త చేత చెవిలో పేరు చెప్పిస్తారు. ఆ మేనత్తను నేనే. రాలేను కాబట్టి వీడియోలో చెప్పమన్నావు. పెద్దావిడకు చెప్పి ఆ గంట సెలవు అడిగి పెట్టుకున్నాను. మీరు ఏ పేరు నిర్ణయిస్తే ఆ పేరు మూడుసార్లు చెబుతాను. కార్డులు కూడా అచ్చు వేయిస్తున్నావని లావణ్య చెప్పింది. అందులో మేనత్త పేరు ఉన్నది ఉన్నట్టు వేయించు. ఒకవేళ మళ్లీ ఉష అని అచ్చు వేయిస్తే, పాప చెవిలో పేరు చెప్పడానికి కూడా ఆ ఉషనే పిలిపించుకో.

అమ్మ పాదాలకు నా దండాలు. మోకాళ్లకు నూనె పెట్టించుకోమను. లావణ్యను పచ్చి ఒళ్లుతో చన్నీళ్లలో చెయ్యి పెట్టవద్దను. మీ మామగారికి నమస్కారాలు. పాపకు నుదుటి మీద ఒక ముద్దు, నా పేరు చెప్పి పెట్టు.

నీ అక్క,
హుస్సేనమ్మ